మారువేషం కథలో గుట్టు ఎప్పుడు విప్పాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. స్కూల్ నేపథ్యంలో ఒక సరదా ప్రేమకథను మాంగా (జపాన్ కామిక్స్) పద్ధతిలో తెలుగులో గీస్తున్నారు. అమ్మాయి అబ్బాయి వేషం వేసుకుని బాయ్స్ హాస్టల్లో చేరుతుంది, రూమ్మేటే హీరో. ఆమె అమ్మాయని అతనికి 20వ అధ్యాయంలో తెలియాలని మీ ప్లాన్. చదివిన స్నేహితులేమో అయిదో అధ్యాయానికే విసుగొస్తోందంటున్నారు. జపాన్ మాంగాల్లో ఈ గుట్టు ఎప్పుడు విప్పుతారు, ఎంతవరకు లాగొచ్చు అని మీ ప్రశ్న.

నా జవాబు: ప్రేమలో పడబోయే మనిషికి మొదటి అధ్యాయంలోనే తెలిసిపోవాలి. కుదరకపోతే మొదటి సంపుటం దాటకూడదు. మిగతా లోకానికి ఎన్నాళ్లు తెలియకపోయినా ఫరవాలేదు. మీ స్నేహితులకు విసుగు పుట్టింది గుట్టు దాగినందుకు కాదు, ఆ గుట్టును హీరోయిన్ ఒక్కతే మోస్తున్నందుకు. ఇంకొకరు వచ్చి సగం బరువు పట్టుకున్న పేజీ నుంచే ఈ రకం కథల్లో ప్రేమ మొదలవుతుంది.

నేను చాలా ఏళ్లుగా కామిక్స్ గీస్తున్నాను, హైదరాబాద్‌లో వారాంతాల్లో కుర్రాళ్లకు కామిక్స్ వర్క్‌షాప్ నడుపుతున్నాను. మారువేషం కథ తెచ్చే వాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. కాబట్టి ఇది పుస్తకాల్లో చూసిందీ, పిల్లల చిత్తుప్రతులు సరిదిద్దుతూ చూసిందీ కలిపి చెబుతున్నాను.

ముందు అందరికీ తెలిసిన 'ఓరాన్ హైస్కూల్ హోస్ట్ క్లబ్' తీసుకుందాం. బిస్కో హతోరి గీసిన ఈ మాంగా 2002 నుంచి 2010 దాకా 'లాలా' అనే మాసపత్రికలో వచ్చింది, మొత్తం 18 సంపుటాలు. 2006లో బోన్స్ స్టూడియో 26 ఎపిసోడ్ల యానిమే (జపాన్ యానిమేషన్ సీరియల్) తీసింది. హరుహి ఫుజియోకా స్కాలర్‌షిప్ మీద ధనవంతుల స్కూల్లో చదువుకునే సామాన్య కుటుంబం పిల్ల. ప్రశాంతంగా చదువుకోవడానికి చోటు వెతుక్కుంటూ మూడో సంగీత గది తలుపు తీస్తుంది. లోపల ఆరుగురు అందగాళ్లు, వాళ్ల హోస్ట్ క్లబ్, అంటే స్కూల్ అమ్మాయిలను కబుర్లతో అలరించే క్లబ్. కంగారులో 80 లక్షల యెన్‌ల పూలకూజా పగలగొడుతుంది. ఆ అప్పు తీర్చడానికి వాళ్ల దగ్గర పనికి కుదురుతుంది. కురచ జుట్టు, పెద్ద కళ్లద్దాలు, వదులు స్వెట్టర్. చూసినవాళ్లంతా అబ్బాయే అనుకుంటారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. హరుహి ఎవరినీ మోసం చెయ్యలేదు. పక్కింటి పిల్లాడు జుట్టుకు చూయింగ్ గమ్ అంటించాడని కత్తిరించుకుంది, కాంటాక్ట్ లెన్స్ పోయాయని కళ్లద్దాలు పెట్టుకుంది, యూనిఫామ్ కొనే స్తోమత లేక ఉన్న బట్టలతో వచ్చింది. వాళ్లు పొరబడ్డారు, ఆమె సరిదిద్దలేదు. అంతే. హీరోయిన్ మీద 'అబద్ధాలకోరు' అన్న మచ్చ పడకుండా హతోరి మొదటి పేజీల్లోనే చూసుకుంది.

క్లబ్ వాళ్లకు నిజం తెలిసే తీరు యానిమేలో ఇంకా ముద్దుగా ఉంటుంది. తెర మీద వరసగా బల్బులు కనిపిస్తాయి. ఒక్కొక్కరికి అర్థమైనప్పుడల్లా ఒక్కో బల్బు వెలుగుతుంది. క్యోయాకి ముందే తెలుస్తుంది, కవలలకు తెలుస్తుంది, హనీ, మోరి కూడా పట్టేస్తారు. అందరికంటే తెలివైనవాణ్ణనుకునే నాయకుడు తమాకి బల్బు మాత్రం చిట్టచివర వెలుగుతుంది. మీద నీళ్లు పడి తడిసిపోయిన హరుహి బట్టలు మార్చుకుంటుంటే, తువ్వాలు ఇద్దామని వెళ్లి తెర తీసి అవాక్కవుతాడు. ఇదంతా మొదటి ఎపిసోడే. మాంగాలోనూ మొదటి అధ్యాయమే. అంటే హీరో అందరికన్నా ఆలస్యం, అయినా పాఠకుడికి మాత్రం ఏ ఆలస్యమూ లేదు.

తెలిసిపోయాక 18 సంపుటాలు ఏం నడుస్తుంది మరి? తమాకి తనను తాను హరుహికి 'నాన్న'గా ప్రకటించుకుంటాడు. క్లబ్‌ను ఒక కుటుంబం అంటాడు. ఆ ముసుగు వెనక తనకున్నది ప్రేమ అని తనకే తెలియదు. గుట్టు ఆమె బట్టల్లోంచి అతని మనసులోకి మారింది. దీన్ని మీరు పదేపదే చదవాలి. మొదటి గుట్టు విప్పెయ్యడానికి భయపడే రచయితకు రెండో గుట్టు దొరకదు.

'హనా కిమి' ఇంకా దగ్గరి ఉదాహరణ, ఎందుకంటే మీ కథ లాగే బాయ్స్ హాస్టల్, రూమ్మేట్. హిసాయా నకాజో 1996 నుంచి 2004 దాకా 'హనా టు యుమె' పత్రికలో గీసింది, 23 సంపుటాలు. అమెరికాలో పెరిగిన మిజుకి అషియా టీవీలో సానో ఇజుమి హైజంప్ చూసి అభిమాని అయిపోతుంది. అతని కోసం జపాన్ వచ్చి, అబ్బాయిగా వేషం వేసి, అతను చదివే అబ్బాయిల స్కూల్లో చేరుతుంది. తీరా చూస్తే అతను హైజంప్ మానేసి ఉంటాడు. అతన్ని మళ్లీ దూకించాలన్నది ఆమె పట్టుదల. కథకు వెన్నెముక ఇదే. వేషం దానికి దారి మాత్రమే.

గుట్టు ఎప్పుడు తెలుస్తుంది? మొదటి సంపుటంలోనే. ఫుట్‌బాల్ ఆడుతుంటే దెబ్బ తగిలి మిజుకి స్పృహ తప్పుతుంది. సానో ఆమెను ఎత్తుకుని తీసుకెళ్తాడు, అప్పుడే అతనికి అర్థమవుతుంది. కానీ ఏమీ అనడు. తనకు తెలుసని ఆమెకు తెలియనివ్వడు. అక్కడి నుంచి ప్రతి సన్నివేశానికీ రెండు అంతస్తులు. ఆమె దాస్తోంది, ఆమె దాస్తోందని తెలిసిన సంగతి అతను దాస్తున్నాడు. ఎవరైనా దగ్గరికొస్తే అతను మాట మార్చడం, మధ్యలో నిలబడటం, కోపం నటించడం, వీటన్నిటికీ ఆమె చెప్పుకునే అర్థం ఒకటి, మనకు తెలిసిన అర్థం ఇంకొకటి. పాఠకుడు కరిగిపోయేది అక్కడే.

సానో పెంచే యుజిరో అనే కుక్క కూడా ఉంటుంది. మగవాళ్లంటే దానికి పడదు, సానో ఒక్కడే మినహాయింపు. మిజుకి దగ్గరికి మాత్రం తోక ఊపుకుంటూ వెళ్లిపోతుంది. ఒక్క మాట లేకుండా, ఒక కుక్క చాలు, పాఠకుడి గుండె దడదడలాడటానికి. మీ కథలో ఇలాంటి సాక్షి ఒకటి పెట్టండి. మనుషులకు కనిపించనిది దానికి కనిపించాలి, కానీ అది నోరు విప్పలేనిదై ఉండాలి.

మరి తెలియనివాడు ఎవరూ ఉండొద్దా అంటే, ఉండాలి. అందుకే నకాట్సు అనే తోటి విద్యార్థి. మిజుకిని అబ్బాయే అనుకుని, ఆ 'అబ్బాయి' మీద ప్రేమ పుట్టినందుకు జుట్టు పీక్కుంటాడు. నవ్వు భారమంతా అతని మీద వేసి, ప్రేమ భారం సానో మీద వేసింది నకాజో. మీరు హీరో ఒక్కడి మీదే రెండూ వేశారు. ఏమీ తెలియని అమాయకుడిగా నవ్వించాలి, అర్థం చేసుకునే ప్రేమికుడిగా మెప్పించాలి. రెండూ ఒకడి వల్ల కావు.

ఈ కథకు తైవాన్‌లో 2006లో, జపాన్‌లో 2007లో, మళ్లీ 2011లో, కొరియాలో 2012లో టీవీ సీరియళ్లు వచ్చాయి. కొరియన్ డ్రామాలు చూసే తెలుగువాళ్లకు 2012ది 'టు ద బ్యూటిఫుల్ యూ' పేరుతో తెలిసే ఉంటుంది. మాంగా దొరక్కపోతే అది చూసినా పని జరుగుతుంది కానీ, మీరు గీసేవాళ్లు కాబట్టి పేజీలే చదవమంటాను.

వేషం వేసేది అబ్బాయైతే? 'డబ్ల్యూ జూలియట్' చూడండి. ఎమురా గీసింది, 14 సంపుటాలు. మకోటోకి నటుడు కావాలని ఆశ. తండ్రికేమో కొడుకు తన దోజో (యుద్ధవిద్యల శిక్షణశాల) చూసుకోవాలని. చివరికి తండ్రి ఒక షరతు పెడతాడు. హైస్కూల్ పూర్తయ్యేదాకా అమ్మాయిగా, ఎవరికీ దొరక్కుండా బతికి చూపించు, అప్పుడు నీ దారిన నువ్వు పో అని. అలా అమ్మాయిగా కొత్త స్కూల్లో చేరతాడు. అక్కడ నాటక బృందంలో ఇటో అనే పొడుగాటి అమ్మాయి ఉంటుంది. అన్నదమ్ముల మధ్య పెరిగి మగరాయుడిలా తిరుగుతుంది, స్కూల్లో అమ్మాయిలంతా ఆమెకు అభిమానులు. ఆమె రోమియో, ఇతను జూలియట్. ఇటోకి నిజం ఎప్పుడు తెలుస్తుందో నేను చెప్పక్కర్లేదు. మొదటి అధ్యాయం.

ఈ కథను నేను వర్క్‌షాప్‌లో ఎక్కువగా వాడతాను. ఇక్కడ షరతు స్పష్టంగా ఉంది, గడువు స్పష్టంగా ఉంది, దొరికితే పోయేదేమిటో స్పష్టంగా ఉంది. మీ హీరోయిన్ దొరికిపోతే ఏం పోతుంది? మీరు పంపిన కథాసారంలో అది లేదు. 'అందరూ నవ్వుతారు' చాలదు. నవ్వులు నాలుగు రోజులుంటాయి. అప్పు, కల, చదువు, ఇంకొకరి భవిష్యత్తు, ఇలాంటిదేదో తూకంలో ఉండాలి.

కొత్తవాటిలో 'సెన్పాయ్ వా ఒటొకొనొకొ' ఉంది. పోమ్ అనే రచయిత 2019లో లైన్ మాంగా అనే యాప్‌లో మొదలుపెట్టిన వెబ్ మాంగా, 2024లో యానిమే వచ్చింది. సాకి అనే జూనియర్ తను ఇష్టపడే అందమైన సీనియర్ అక్కకు ప్రేమ విషయం చెబుతుంది. ఆ సీనియర్, మకోటో, తను అబ్బాయినని చెప్పేస్తాడు. సాకి వెనక్కి తగ్గదు, ఇంకా సంబరపడుతుంది. ఆ పిల్ల ఉత్సాహం చూస్తే మనకూ నవ్వొస్తుంది. ఆ తర్వాతే అసలు బాధ బయటికొస్తుంది. ఆ విగ్గు, ఆ స్కర్టు స్కూల్లోనే. ఇంట్లో తల్లి ముందు అవేమీ ఉండవు, ఆమె భరించలేదు. స్కూల్లో బయటపడ్డ మనిషి ఇంట్లో దాక్కుంటున్నాడు. మారువేషం ఏది, అసలు రూపం ఏది అన్న ప్రశ్నను తిరగేసి అడిగిన కథ ఇది.

నాలుగు కథలు, నాలుగు రకాల మనుషులు, కానీ గుట్టు విప్పే చోటు దాదాపు ఒకటే. దీనికి కారణాలున్నాయి.

పాఠకుడికి మొదటి పేజీలోనే తెలుసు. అట్ట మీద బొమ్మ చూసినప్పుడే తెలుసు. తనకు తెలిసింది హీరోకి తెలియడానికి ఇరవై అధ్యాయాలు పడితే హీరో తెలివితక్కువవాడిలా కనిపిస్తాడు. ఒకే గదిలో పడుకుని లేచేవాడికి తెలియదంటే అసలే నమ్మం. ఆ తర్వాత అతను ఎంత గొప్పగా ప్రేమించినా మనం అతని వైపు ఉండం.

ఆలస్యమైన కొద్దీ గుట్టు మోసమవుతుంది. మొదటి వారంలో తెలిస్తే అది అవస్థ. రెండేళ్ల తర్వాత తెలిస్తే, తను నమ్మి చెప్పుకున్న మాటలన్నీ ఒక అబద్ధంతో చెప్పుకున్నానని అతనికి అనిపిస్తుంది. అప్పుడు మీరు కోపం, అలకలు, క్షమాపణలు రాయాలి. సరదా కథ కాస్తా బరువైన కథ అయిపోతుంది. రాయొచ్చు, కానీ మీరు రాయాలనుకున్నది అది కాదు కదా.

కాపాడటం కనిపిస్తుంది, కనుక్కోవడం ఒక్కసారే. కనుక్కునే సన్నివేశం కథ మొత్తానికి ఒకటి. కాపాడే సన్నివేశాలు ఎన్నైనా గీయొచ్చు. ఓరాన్‌లో శారీరక పరీక్షల కథ గుర్తు చేసుకోండి. స్కూల్లో అందరికీ ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు తీసే రోజు. హరుహి దొరికిపోతుందని క్లబ్బంతా ప్లాన్లు వేస్తుంది, తమాకి ఏకంగా విగ్గు పెట్టుకుని ఆమె స్థానంలో వెళ్తాడు. చివరికి చూస్తే క్యోయా నోరెత్తకుండా తన కుటుంబం ఆస్పత్రి డాక్టరుతో ముందే ఏర్పాటు చేసి ఉంటాడు. ఒక్క సంఘటనలో ఆరుగురి స్వభావాలూ తెలిసిపోయాయి. హీరోకి తెలియకుండా ఉండి ఉంటే ఇందులో ఒక్క పేజీ కూడా ఉండేది కాదు.

ఇంకో కారణం పత్రికల పద్ధతిలో ఉంది. జపాన్‌లో మాంగా ముందు పత్రికలో అధ్యాయాలుగా వస్తుంది, తర్వాతే సంపుటాలు. పత్రికతో పాటు పాఠకుల అభిప్రాయాలకు పోస్ట్‌కార్డు ఉంటుంది, ఏ కథ బాగుందో రాసి పంపుతారు. ఆదరణ లేని కథ తొందరగా ఆగిపోతుంది. అందుకే మొదటి అధ్యాయం తనంతట తాను ఒక పూర్తి కథలా ఉండాలి. ఎవరు, ఏం దాస్తున్నారు, ఎవరికి తెలిసింది, ఇకపై ఇద్దరూ కలిసి ఏం చెయ్యబోతున్నారు, ఇన్నీ అందులోనే తేలాలి. మీరు ఆన్‌లైన్లో పెడుతున్నారు కాబట్టి మీకు ఎడిటర్ ఒత్తిడి లేదు. కానీ పాఠకుడి ఓపిక అక్కడా ఇక్కడా ఒకటే.

జపాన్‌లో ఈ వేషాల కథలకు వెనక పెద్ద చరిత్ర ఉంది, అది కూడా నా మాటనే బలపరుస్తుంది. ఒసాకా దగ్గర తకరజుక పట్టణంలో 1913లో హాంక్యూ రైల్వే అధిపతి కొబయాషి ఇచిజో అమ్మాయిలతో ఒక నాటక బృందం పెట్టాడు. మగ పాత్రలూ ఆడవాళ్లే వేస్తారు. ఈనాటికీ నడుస్తోంది. మాంగాకు పెద్దదిక్కు లాంటి ఒసాము తెజుకా పెరిగింది ఆ ఊళ్లోనే, చిన్నప్పుడు తల్లితో వెళ్లి ఆ నాటకాలు చూశాడు. 1953లో ఆయన మొదలుపెట్టిన 'రిబ్బన్ నో కిషి'లో సఫైర్ రాకుమారి యువరాజుగా పెరుగుతుంది, ఆడవాళ్లకు సింహాసనం దక్కదు కాబట్టి. 1972లో రియోకో ఇకెదా 'వెర్సాయ్ గులాబీ'లో ఆస్కార్ సైనికాధికారిగా మగ దుస్తుల్లో తిరుగుతుంది. ఆస్కార్ స్త్రీ అని అక్కడ అందరికీ తెలుసు, దాపరికమే లేదు. అయినా పాఠకులు పిచ్చెక్కిపోయారు. 1974లో తకరజుక వాళ్లు దాన్నే నాటకంగా వేశారు. ఓరాన్‌లో వచ్చే లోబెలియా అనే బాలికల స్కూల్ అమ్మాయిల 'జుకా క్లబ్' ఆ బృందం మీద సరదా చురకే.

మనకూ ఇది కొత్తేం కాదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా జడ విసురుతూ వస్తుంటే, అది మగవాడి వేషమని జనానికి తెలియకనా? తెలిసే చూశారు, తెలిసే మురిశారు. వేషంలో ఆనందం తెలియకపోవడం వల్ల రాదు. తెలిసి కూడా ఆ మనిషిని ఆ రూపంలో నమ్మగలగడం వల్ల వస్తుంది. మీ హీరో చెయ్యాల్సింది అదే.

ఇప్పుడు మీకు పనికొచ్చే సంగతి ఒకటి. సన్నివేశాలు ఎక్కడి నుంచి తేవాలి అని తడుముకోకండి, స్కూల్ క్యాలెండర్ పెట్టుకోండి. జపాన్ మాంగా బలం ఇక్కడే ఉంది. ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం, శారీరక పరీక్షలు. జూన్‌లో యూనిఫామ్ మార్పు, మందపాటి కోటు పోయి పల్చటి చొక్కాలొస్తాయి, వేషంలో ఉన్నవాళ్లకు అదే పెద్ద టెన్షన్. వేసవిలో ఈత క్లాసులు, సముద్రానికి ప్రయాణం. తర్వాత క్రీడోత్సవం, సాంస్కృతికోత్సవం, అక్కడ నాటకం, ఆ నాటకంలో వేషం మీద వేషం. స్టడీ టూర్‌లో సామూహిక స్నానాల గది. ఫిబ్రవరి 14 చాక్లెట్లు, మార్చి 14 జవాబు కానుకలు, ఆ మార్చిలోనే వీడ్కోలు. అబ్బాయి తన కోటు రెండో గుండీ తెంపి ఇష్టమైన అమ్మాయికి ఇచ్చే ఆనవాయితీ. ప్రతి నెలా వేషానికి ఒక గండం, ప్రేమకు ఒక సందు.

మీ కథ మన దగ్గరి హాస్టల్లో జరుగుతోంది కాబట్టి చెర్రీ పూలు, గుండీలు అరువు తెచ్చుకోకండి. మన హాస్టల్ గండాలు మనకున్నాయి. తెల్లవారుజామున బాత్రూంల ముందు బకెట్ల వరస, ఆదివారం తల్లిదండ్రులు వచ్చే సమయం, వార్డెన్ ఆకస్మిక తనిఖీ, మెడికల్ క్యాంపు, ఆన్యువల్ డే నాటకం. ఒక విద్యార్థి తెచ్చిన చిత్తుప్రతిలో ఆదివారం పూట హీరోయిన్ తమ్ముడు హాస్టల్‌కొచ్చి, అలవాటు కొద్దీ నలుగురిలో 'అక్కా' అని పిలుస్తాడు. రూమ్మేట్ వెంటనే 'ఆ, చెప్పరా' అని తనే పలుకుతాడు, తనని హాస్టల్లో అందరూ అక్కా అంటార్లే అన్నట్టు. మూడు ప్యానెళ్లు. అతనికి తెలుసని మనకు తెలిసింది, ఆమెకూ అనుమానమొచ్చింది, ఎవరూ ఏ వివరణా ఇవ్వలేదు. గదిలో పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

తెలుగు డైలాగుల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 'నేను వచ్చాను', 'నువ్వు తిన్నావా' అన్నప్పుడు ఏ చిక్కూ లేదు. హీరోయిన్ గురించి పక్కవాళ్లతో మాట్లాడేటప్పుడే నోరు జారుతుంది. నిజం తెలిసిన హీరో కోపంలో 'అది తినలేదింకా' అనబోయి 'వాడు తినలేదింకా' అని దిద్దుకోవడం మన భాషలో అప్పనంగా దొరికే సన్నివేశం. అలాగే 'రా', 'వే'. రోజూ 'ఏరా' అని పిలిచేవాడు నిజం తెలిసిన మర్నాడు 'ఏరా' అనడానికి ఒక్క క్షణం తటపటాయించాలి. ఆ తటపటాయింపుకు ఒక ప్యానెల్ ఇవ్వండి, మాటల్లేకుండా.

బొమ్మ సంగతి క్లుప్తంగా. వేషంలో ఒక ముఖం, వేషం లేకుండా ఇంకో ముఖం గీయకండి. చాలామంది అబ్బాయి వేషంలో కళ్లు సన్నగా, దవడ గట్టిగా గీసి, వేషం తీయగానే కనురెప్పలు పొడుగ్గా, పెదాలు నిండుగా గీస్తారు. అప్పుడు వాళ్లు ఇద్దరు మనుషులైపోతారు. ముఖం అదే ఉండాలి. మార్పు కాలర్‌లో, భుజాల దగ్గర బట్ట నిలబడే తీరులో, కూర్చునే పద్ధతిలో చూపించండి. హరుహిని చూడండి, ఏ బట్టలు వేసినా అదే పెద్ద కళ్లు, అదే నిదానం. ఆమె తనను తాను ఎక్కడా మార్చుకోదు, మగా ఆడా అన్నది ఆమెకు పెద్ద విషయమే కాదు. అందుకే ఆమె అందరికీ నచ్చుతుంది.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి, ఇవి నాకు ముఖ్యమైనవి.

మారువేషం వేరు, తనను తాను అలా గుర్తించుకోవడం వేరు. ఒక పని కోసం వేషం వేసుకున్న మనిషి పని అయ్యాక వేషం తీసేస్తుంది. తను అబ్బాయిగా పుట్టినా అమ్మాయినని లోపల తెలిసిన పిల్లకు ఆ బట్టలు వేషం కావు. తకాకో షిమురా గీసిన 'హోరో ముసుకో' ఆ పిల్లల కథ, 2002 నుంచి 2013 వరకు వచ్చింది, 15 సంపుటాలు. నెమ్మదిగా, ఎంతో ఆదరంగా నడుస్తుంది. అలాంటి పాత్ర మీ కథలో ఉంటే 'గుట్టు రట్టు' హాస్యం ఆమె మీద ప్రయోగించకండి. నిజ జీవితంలో ఆ రట్టు వల్ల ఇల్లూ చదువూ పోగొట్టుకునే పిల్లలున్నారు.

పాత మాంగాల్లో ఉన్నవన్నీ ఇప్పుడు తీసుకోవద్దు. బట్టలు మార్చుకునే చోట తొంగిచూడటం, బలవంతంగా చొక్కా లాగడం లాంటివి అప్పట్లో నవ్వుల కింద చెల్లాయి. ఇవాళ మీ పాఠకుల్లో సగం మంది హాస్టల్ అమ్మాయిలు, వాళ్లకు నవ్వు రాదు, భయమేస్తుంది. నకాట్సు 'నేను అలాంటివాణ్ణా' అని గింజుకునే సన్నివేశాలు కూడా ఇప్పుడు చదివితే కొన్నిచోట్ల ఇబ్బందిగానే ఉంటాయి. నకాజో అతన్ని ఎక్కడా చులకన చెయ్యలేదు, మనస్ఫూర్తిగా ప్రేమించే కుర్రాడిగా నిలబెట్టింది కాబట్టి ఆ పాత్ర ఇప్పటికీ నిలిచింది. మీ అమాయకుడికీ ఆ గౌరవం ఇవ్వండి.

నిజం బయటపడే తీరు కూడా చూసుకోండి. శత్రువు అందరి ముందూ బయటపెట్టే పద్ధతి ఒకటుంది, అది సరదా కథకు పడదు. అనుకోకుండా తెలియడం, లేదా తనే చెప్పడం మేలు. తెలిసినవాడు మొదట చేసే పని ఏమిటన్నదే అతని వ్యక్తిత్వం. సానో నోరు మూసుకున్నాడు. సాకి సంతోషించింది. మీవాడు ఏం చేస్తాడో తేల్చుకోండి, మీ కథ సగం తేలినట్టే.

ఇక మీ 20వ అధ్యాయం. ఆ పేజీలు బాగా గీశారు, వాన, టెర్రస్, తడిసిన యూనిఫామ్ అన్నీ. పారేయకండి, చోటు మార్చండి. హీరో కనుక్కోవడాన్ని మొదటి అధ్యాయం చివరికి తెచ్చేయండి, చిన్నగా, వాన లేకుండా. అతను ఏమీ అనకుండా బల్లమీద ఆమె మర్చిపోయిన వస్తువేదో తీసి ఆమె పెట్టెలో పెట్టి మూత వేస్తే చాలు. 20వ అధ్యాయంలో ఆ టెర్రస్ మీద ఆమెకు తెలియాలి, అతనికి మొదటి రోజు నుంచీ తెలుసని. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి పంతొమ్మిది అధ్యాయాల్లో అతను చేసిన ప్రతి చిన్న పనినీ గుర్తు చేసుకుంటుంది, పాఠకుడూ ఆమెతో పాటు పేజీలు వెనక్కి తిప్పుతాడు. మీరు గీసిన బొమ్మలు దాదాపు అవే ఉంటాయి, డైలాగులే మారతాయి.

తెలియని అమాయకుడి పాత్రకు మీ మెస్ సెక్రటరీ కుర్రాడు సరిగ్గా సరిపోతాడు. అతన్ని మూడో అధ్యాయంలోనే తీసుకురండి, ఇప్పుడు మరీ తొమ్మిదిలో వస్తున్నాడు. హీరోయిన్ దొరికిపోతే ఏం పోతుందో రెండో పేజీలోనే ఒక డైలాగులో చెప్పేయండి. ఈ మూడూ చేసి మొదటి మూడు అధ్యాయాలు పెన్సిల్ గీతలతోనే మళ్లీ పెట్టండి, ఇంక్ అప్పుడే వెయ్యొద్దు. చదివి పేజీ వారీగా చెబుతాను.